కర్మకౌశలము – ఉక్కు కొలిమి చెప్పు పాఠము

ఉదయమున పనికి కూర్చుండి సాయంకాలమున లేచునప్పటికి దేహము అలసిపోయియున్నను, పని మాత్రము మొదట ఎట్లుండెనో అట్లే యుండుట అనేకుల అనుభవములోని విషయము. కాగితములు బల్లపై పేరుకొనును. ఒకదానిని చేతబట్టునంతలో వేరొకటి పిలుచును. దానిని ముట్టునంతలో మొదటిది మరపునకు వచ్చును. రాత్రి పరుండినపుడు చేసిన పనులు గుర్తునకు రావు. చేయక విడిచినవి మాత్రము ఒక్కటొక్కటిగా వచ్చి తలగడ చుట్టును చేరును. ఇట్టివాడు సోమరి కాడు. దినమంతయు శ్రమించినవాడే. అయినను ఆ శ్రమకు ఒక క్రమము లేకపోవుటచే, అది అతనికి గాని అతనిని నమ్మియున్నవారికి గాని పూర్తిగా అక్కరకు రాలేదు.

దీనికి లోకము చెప్పు మందులు చాల కలవు. దినచర్య వ్రాసికొనుమందురు, గడియారము చూచుకొనుమందురు, ముఖ్యమైన పనిని ముందు చేయుమందురు. ఇవి యన్నియు మంచి మాటలే. కాని వీనిని పాటించియు మనశ్శాంతిని కోల్పోయినవారు, పాటింపలేకపోతిమని తమ్ము తామే నిందించుకొనువారు కూడ అనేకులు కలరు. గీత రెండవ అధ్యాయమున భగవానుడు యోగమును కర్మయందలి నేర్పుగా చెప్పియున్నాడు. ఆ నేర్పు ఎట్టిది? ఎక్కువ పనిని తక్కువ కాలములో ముగించుటయా? లేక పనిచే కట్టుబడకుండ పని చేయుటయా? ఈ రెండింటికిని గల సంబంధమును తెలిసికొనుటకు, క్రమము తప్పినచో ప్రాణములకే ముప్పు వాటిల్లు పనిచోటునొకదానిని పరిశీలించుట మేలు. అట్టిది జంషెడ్‌పూరులోని ఉక్కు కర్మాగారము.

ఆరని కొలిమి

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోట, నేటి ఝార్ఖండ్ రాష్ట్రమున, జంషెడ్‌పూరు నగరము కలదు. టాటా ఉక్కు సంస్థ 1907లో స్థాపింపబడెను. సాక్చి యను పల్లె యున్న అటవీప్రాంతమున 1908లో పని ఆరంభమయ్యెను. 1911 డిసెంబరు 2వ తేదీన మొదటి ఇనుము కరగి ప్రవహించెను. 1912 ఫిబ్రవరి 16వ తేదీన మొదటి ఉక్కు దిమ్మె తయారయ్యెను. 1919లో ఆనాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు, సంస్థకు మూలపురుషుడైన జంషెడ్జీ టాటా పేర, ఈ ఊరికి జంషెడ్‌పూరని నామకరణము చేసెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారనేకులు బ్రతుకుతెరువునకై ఇచటికి చేరి, తరతరములుగా స్థిరపడిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి భక్తికిని ఐకమత్యమునకును గుర్తుగా నిలిచియున్నది.

ఇనుము కరగించు బ్లాస్ట్ ఫర్నేసు ఈ కర్మాగారమునకు గుండె వంటిది. అది మేడవలె ఎత్తైన కొలిమి. పైనుండి ఇనుప ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాతిని పొరలు పొరలుగా వేయుదురు. అడుగుభాగమున చుట్టును అమర్చిన గొట్టపు మూతులనుండి మిక్కిలి వేడిగాలిని లోనికి ఊదుదురు. ఈ మూతులను పనివారు ట్యూయరులందురు. కోకు మండి వేడిమియు వాయువులును పుట్టును. వాని బలమున ఖనిజములోని ఆమ్లజని తొలగి, ఇనుము కరగి అడుగునకు దిగును. సున్నపురాయి మలినములతో కలిసి చిట్టెమై ఇనుముపై తేలును. ఇనుము సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమితో ఎఱ్ఱని వాగువలె వెలికి వచ్చును.

తెలుగు పాఠకులకు ఇట్టి కొలుములు క్రొత్తవి కావు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున మూడు కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లు పెట్టియున్నారు. జంషెడ్‌పూరు కొలుములను ఇంగ్లీషు అక్షరములతో పిలుతురు. పేరు ఏదైనను ధర్మమొక్కటే. ఈ కొలిమిని వంటపొయ్యివలె రాత్రి ఆర్పి ఉదయము వెలిగించుటకు వీలులేదు. ఒకసారి రాజేసిన పిమ్మట, లోపలి ఇటుకల పొర అరిగి పెద్ద మరమ్మతునకు వచ్చువరకు, ఏండ్ల తరబడి అది మండుచునే యుండవలెను.

మనుష్యుడు అట్లు మండలేడు. కొన్ని గంటలు నిలిచి పనిచేసినంతనే అతని చూపు మందగించును, చేయి తడబడును. ఆరని కొలిమికిని అలసిపోవు మనుష్యునికిని పొత్తు కుదుర్చునది షిఫ్టుల పద్ధతి. ఉదయము 6 గంటలనుండి మధ్యాహ్నము 2 గంటల వరకు ఒక జట్టు, 2 నుండి రాత్రి 10 వరకు మరియొక జట్టు, 10 నుండి మరునాటి ఉదయము 6 వరకు ఇంకొక జట్టు పనిచేయును. పనికి వచ్చిన జట్టువారికి కొలిమి అదివరకే మండుచు కనబడును. వారు వెడలునప్పుడును అది మండుచునే యుండును. ఆరంభమును వారు చూడలేదు, ముగింపును చూడబోరు. నడుమనున్న ఎనిమిది గంటలు మాత్రము వారివి.

వేసినవారొకరు, తీసినవారొకరు

కొలిమి అడుగున ఊదిన గాలి వాయువై పైకి చేరుటకు కొన్ని సెకండ్లు చాలును. పైన వేసిన ఖనిజము అడుగునకు దిగి ఇనుమగుటకు సుమారు 6 మొదలు 8 గంటలు పట్టును. ఈ రెండు లెక్కలలోనే ఒక పెద్ద పాఠము ఇమిడియున్నది.

ఒక జట్టు తన వేళలో పైన వేసిన సరుకు, ఆ జట్టువారు ఇల్లు చేరి, భోజనము చేసి, నిద్రించుచుండగా, వేరొక జట్టు చేతులమీదుగా ఇనుమై ప్రవహించును. సరుకు సరిగా తూచి వేసినచో మేలు తరువాతి జట్టునకు దక్కును. తప్పుగా వేసినచో కష్టమును వారికే కలుగును. మానవునకు కర్మమునందే అధికారము గాని ఫలమునందు లేదను గీతాబోధను సంసారము విడిచినవారికి మాత్రమే చెల్లునదిగా కొందరు తలంతురు. కొలిమివద్ద అది ప్రతిదినము జరుగు వ్యవహారము. ఫలము తన వేళలో రాదని తెలిసియు తూకములో పాలు తప్పనీయని పనివాడు, దాని పేరెరుగకయే ఆ బోధను ఆచరించుచున్నాడు.

ఇచట మరియొక సూక్ష్మము కలదు. కొలిమి చల్లబడుచున్నదని తోచి ఒకడు కోకును పెంచెననుకొందురు గాక. అర్ధగంటలో మార్పు కానరాలేదని మరల పెంచి, ఇంకను కానరాలేదని మూడవసారి పెంచినచో, కొన్ని గంటల పిమ్మట ఆ మూడు పెంపుల ఫలమును ఒక్కుమ్మడిగా దిగివచ్చి కొలిమి మితిమీరి వేడెక్కును. తొందరపడినవాడు పని చేయలేదని చెప్పుటకు వీలులేదు, మూడింతలు చేసినాడు. చేసిన పని పండుటకు పట్టు కాలమును అతడు ఓర్వలేకపోయెను. ఉత్తరము వ్రాసిన గంటకే జవాబు రాలేదని మరల వ్రాయు అధికారియు, బిడ్డ నిన్న నేర్చిన పాఠము నేడే నోటికి రాలేదని కోపించు తండ్రియు ఇట్టివారే.

ఆ నగరమునకు పేరిచ్చిన వాని జీవితమునందును ఈ ధర్మమే కానవచ్చుచున్నది. 1893లో జపానునుండి కెనడాకు పోవు ఓడలో జంషెడ్జీ టాటా, చికాగో సర్వమత మహాసభకు పోవుచుండిన వివేకానంద స్వామితో కలిసి ప్రయాణించెను. 1898 నవంబరు 23వ తేదీన ఆ ప్రయాణమును గుర్తుచేయుచు, తాను తలపెట్టిన పరిశోధనాలయ విషయమై స్వామికి లేఖ వ్రాసెను. 1902లో కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, రాబోవు ఊరిలో విశాలమైన వీధులు, నీడనిచ్చు చెట్లు, ఆటస్థలములు, అన్ని మతముల ప్రార్థనాలయములకు చోటు ఉండవలెనని కోరెను. అప్పటికి ఆ ఊరు ఎచట వెలయునో కూడ నిశ్చయము కాలేదు. 1904 మే 19వ తేదీన జర్మనీలో ఆయన దేహము చాలించెను. బెంగుళూరులోని విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడెను. సాక్చిలో ఇనుము 1911లో ప్రవహించెను. రెండింటిలో ఒకదానినైనను ఆయన కన్నులారా చూడలేదు. ఆయన వేసిన సరుకు తరువాతి షిఫ్టులో ఇనుమయ్యెను.

ముగ్గురు కర్తలు

గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్తలు మూడు విధములుగా వర్ణింపబడిరి. పనిలో క్రమము కోరువాడు ముందు తాను ఎవరో గుర్తించుట అవసరము.

తామసకర్త లక్షణములలో చివరిది దీర్ఘసూత్రత, అనగా నేడు కావలసిన దానిని సాగదీయుట. మహాభారతమున శాంతిపర్వములోని మూడు చేపల కథ తెలుగునాట పిల్లలకు కూడ తెలియును. మడుగు ఎండనున్నదని ముందే గ్రహించిన చేప వేరు చోటికి పోయెను. ఆపద వచ్చిన తరువాత ఉపాయము తోచిన రెండవది తప్పించుకొనెను. దీర్ఘసూత్రుడను మూడవది జాలరుల పాలయ్యెను. ఆ చేపకు తెలివి లేదనుటకంటె, ఇంకను సమయమున్నదని అది తన్ను తాను నమ్మించుకొనెననుట సరి. వాయిదా వేయువాని మాట ఎప్పుడును మర్యాదగానే యుండును. రేపు తీరికగా, చక్కగా చేసెదననును. ఆ తీరిక రాదు.

రాజసకర్త ఫలమునకై ఆతురపడును. జయమునకు పొంగును, అపజయమునకు కుంగును. ఇతడే నేటి కార్యాలయములలో మెప్పు పొందువాడు. ఒక చేత కాగితము, మరియొక చేత టెలిఫోను, కన్ను వచ్చినవారిమీద. నిశ్చయములేని బుద్ధి అనేక శాఖలై చీలునని గీత రెండవ అధ్యాయము చెప్పుచున్నది. నాలుగు పనులను ఒక్కసారిగా చేయుచున్నానని ఇతడు తలచును. నిజమునకు నాలుగింటి నడుమ తిరుగుచున్నాడు. ఒకదానినుండి వేరొకదానికి మరలిన ప్రతిసారియు, ఎచట విడిచెనో వెదకుకొనుటకు కొంత కాలమును, కొంత శక్తియు వ్యయమగును. సాయంకాలపు అలసటలో పెద్దపాలు ఈ వెదకులాటదే.

సాత్త్వికకర్త సంగమును విడిచినవాడు, నేను చేసితినని చెప్పుకొననివాడు, ధైర్యోత్సాహములు కలవాడు, సిద్ధి అసిద్ధులయందు చలింపనివాడు. ఉత్సాహము సాత్త్వికుని గుణములలో చేర్చబడుట గమనింపదగినది. ఫలమును విడిచినవాడు నీరసముగా పనిచేయునను భ్రమ దీనితో తొలగును. ఫలముపై పెట్టు చింత పనిపైకి మరలుటచే అతని చేయి ఇంకను గట్టిపడును.

అప్పగింత

కర్మాగారమున ఒక జట్టునుండి మరియొక జట్టునకు పని చేతులు మారు కొద్ది నిమిషములు మిక్కిలి విలువైనవి. పోవువాడు లాగ్‌బుక్కులో వ్రాసి, వచ్చువానికి నోటితో చెప్పి, తరువాతనే వెడలవలెను. ఈ అప్పగింత సరిగా లేనిచో ఎంత నేర్పరి జట్టైనను చీకటిలో నడచినట్లగును.

ఒక సందర్భమును ఊహింపవచ్చును. రాత్రి షిఫ్టు ముగియవచ్చినది. వేకువ 5 గంటల వేళ ఒక పనివానికి ఒక ట్యూయరు విషయమున అనుమానము కలిగెను. ఈ మూతులు రాగితో చేయబడి, కరగిపోకుండుటకై లోపల నీరు ప్రవహించునట్లు అమర్చబడియుండును. మూతి చిల్లుపడి నీరు కొలిమిలోనికి చేరినచో కొలిమికిని, దగ్గరనున్నవారికిని ప్రమాదము. తిరిగివచ్చు నీరు తగ్గినట్లు అతనికి తోచెను, నిశ్చయముగా తెలియలేదు. అనుమానమని వ్రాసినచో ప్రశ్నలు వచ్చును, ఇంటికి పోవుట ఆలస్యమగును. ముందే ఏల చూడలేదని మాటపడవలసియు రావచ్చును. అంతయు బాగుగానున్నదని వ్రాసినచో అరగంటలో ఇల్లు చేరవచ్చును. ఎవరును చూడని ఆ క్షణమున అతని ధర్మము నిర్ణయింపబడుచున్నది.

అతడు మంచివాడైనచో ఫోర్మనుకు తెలిపి, వచ్చిన తోటివానితో ఇట్లనును: “తమ్ముడూ, ఆ మూలనున్న ట్యూయరు నీళ్లు నాకు అనుమానముగా నున్నవి. గంటనుండి చూచుచున్నాను, తేల్చుకొనలేకపోతిని. ఫోర్మనుగారికి చెప్పితిని. నీవు మొదట అక్కడికే పో.” వచ్చినవాడు, “మంచిది అన్నా, ఇక నేను చూచుకొందును. నీవు పోయి పరుండుము” అనును. ఈ రెండు మాటలలో పనియొక్క బరువు ఒక భుజమునుండి మరియొక భుజమునకు మారినది. మొదటివాడు ఇంటికి పోయి నిద్రింపగలడు. దాచినవాడు ఇంటికి పోగలడు గాని నిద్రింపలేడు.

మంచి అప్పగింతలో మూడు మాటలుండును: ముగిసినది, మిగిలినది, అనుమానమున్నది. మొదటిది వ్రాయుట అందరికిని ఇష్టము. రెండవది వ్రాయుటకు కొంత వినయము కావలెను. మూడవది వ్రాయుటకు సత్యనిష్ఠ కావలెను. పనిలో క్రమము అలమారులోను, పట్టికలోను మొదలగునని తలంచుట పొరపాటు. తన పనిని గూర్చి తాను అబద్ధమాడకుండుటలో అది మొదలగును. బల్లపై పేరుకొనిన కాగితములలో కొన్ని పని ఎక్కువై నిలిచినవి కావు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి అడుగుకు త్రోసినవి.

విశ్రాంతియు పనిలోనిదే

అమెరికా ఉక్కు కర్మాగారములలో అనేకచోట్ల 1923 వరకు దినమునకు పండ్రెండు గంటల పని సాగెను. భారతదేశమున 1922 ఫ్యాక్టరీ చట్టము దినమునకు 11 గంటల పనిని అనుమతించెను. 1948 చట్టముచే అది 9 గంటలకును, వారమునకు 48 గంటలకును పరిమితమయ్యెను. జంషెడ్‌పూరులో మాత్రము 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అమలునకు వచ్చెను. 1920లో జీతముతో కూడిన సెలవును, ప్రావిడెంటు ఫండును ఏర్పడెను. కొలిమి ఆగదు గనుక మనుష్యుని కూడ ఆగనీయరాదని తలచిన కాలమున, కొలిమి ఆగదు గనుకనే మనుష్యుడు వేళకు ఆగవలెనని గ్రహించుట గొప్ప మాట.

అయినను పనిగంటలు తగ్గినంతమాత్రమున కార్మికుల కష్టములు తీరలేదు. జీతములను గూర్చి, పని పరిస్థితులను గూర్చి 1920, 1922, 1928 సంవత్సరములలో పెద్ద సమ్మెలు జరిగెను. 1928లో సుభాష్ చంద్రబోసు ఆ కార్మికుల నాయకత్వమును వహించెను. 1956లో యాజమాన్యమునకును కార్మిక సంఘమునకును కుదిరిన ఒడంబడికచే, పనిని గూర్చి ఉభయులును కలిసి ఆలోచించు మండలులు ఏర్పడెను. క్రమము పైవారి ఆజ్ఞచే మాత్రమే నిలువదనియు, పని చేయువాని మాట వినుట దానికి ఆధారమనియు ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఇచట గీత చెప్పిన ఒక తత్త్వమును మరువరాదు. ఏ కర్మమునకైనను చోటు, కర్త, సాధనములు, వివిధ ప్రయత్నములు, దైవము అను ఐదు కారణములు కలవని పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. తానొక్కడే కర్తనని చూచువాడు సరిగా చూచువాడు కాడు. కావున ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కనిపై మోపి, అతడు వెనుకబడినపుడు నీకు క్రమము లేదని నిందించు అధికారి శాస్త్రమును తప్పుచున్నాడు. అన్ని కారణములను విడిచి తన్ను మాత్రమే నిందించుకొను పనివాడును అట్లే తప్పుచున్నాడు. పని చెడినపుడు ఐదింటిని వరుసగా పరిశీలింపవలెను. చోటు ఇరుకా? సాధనము మొద్దుబారినదా? పద్ధతి తప్పా? మానవుని చేతిలో లేనిది ఏమైన జరిగినదా? చేసినవానియందు లోపమున్నదా? అప్పుడు నిందకు మారుగా మరమ్మతు సాధ్యమగును.

యోగము ఎక్కువ తినువానికి గాని, తినకయే యుండువానికి గాని, అతిగా నిద్రించువానికి గాని, మేల్కొనియే యుండువానికి గాని సిద్ధింపదని ఆరవ అధ్యాయము హెచ్చరించుచున్నది. రాత్రి షిఫ్టు పనివాని ఇంట పగటివేళ పిల్లలు మెల్లగా మాట్లాడుట, ఇల్లాలు తలుపు చేరవేయుట చిన్న సంగతులుగా తోచును. ఆ నిద్రపై మరునాటి కొలిమివద్ద పదిమంది క్షేమము ఆధారపడియున్నది. ఆ ఇల్లాలు లాగ్‌బుక్కులో పేరులేని మరియొక జట్టు.

ఉంచవలసినచోట ఉంచుట

జపానువారు పనిచోటును సరిదిద్దుటకు ఐదు మెట్లు చెప్పుదురు. అక్కరలేనిదానిని తీసివేయుట, ఉన్నదానికి ఒక చోటు ఏర్పరచుట, శుభ్రపరచుట, ఈ మూడును నిత్యము నిలుచునట్లు పద్ధతి చేయుట, ఎవరును చెప్పకయే దానిని పాటించు అలవాటు పొందుట. ఇట్టి పద్ధతులు భారతదేశపు కర్మాగారములలోను వ్యాపించినవి. పని నాణ్యతకు జపానువారిచ్చు డెమింగ్ బహుమానమును టాటా ఉక్కు సంస్థ 2008లో పొందెను. 2012లో అంతకంటె ఉన్నతమైన డెమింగ్ మహాబహుమానము లభించెను.

ఈ ఐదు మెట్లు తెలుగింటి పూజామందిరమునకు క్రొత్తవి కావు. నిన్నటి పూలను తీసివేయుదురు. గంట, హారతి పళ్లెము, ఉద్ధరిణ తమ తమ చోట్ల నుండును. స్థలము తుడిచి ముగ్గు పెట్టుదురు. ప్రతిదినము అదే వేళకు అదే వరుస. చీకటిలో చేయి చాచినను అగ్గిపెట్టె దొరకును. పూజ చేయువాని మనస్సు వస్తువులను వెదకుటలో పోదు గనుక దేవునియందు నిలువగలదు. ఆ గదిలో చూపు శ్రద్ధలో సగమైనను పనిబల్లకు చూపినచో, అదియును పూజాస్థలమగును.

అభ్యాసము

కొలిమివద్ద పనిచేయువానికి బరువు దించుకొనుటకు తరువాతి జట్టు వచ్చును. గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, ఇల్లాలికి అట్టివారెవరును రారు. మిగిలిన పని మరునాడు వారికొరకే కాచుకొనియుండును. వీరికి విడుదల ఎట్లు? రేపు ఉదయమున పనికి వచ్చు తామే తమకు తరువాతి షిఫ్టు. ఈ రాత్రి తాము రేపటి తమకు సత్యముగా అప్పగించినచో, రాత్రి తమదగును. ఇందుకు సాధకుడు ఈ క్రింది నియమములను కొంతకాలము పాటించి చూడవచ్చును.

మొదటిది, ఉదయమున పని ఆరంభించుటకు ముందు నేటి షిఫ్టులో తనకు అప్పగింపబడినవి ఏవో వ్రాసికొనవలెను. మూడు నాలుగింటిని మించరాదు. తక్కినవి మరియొక కాగితముపై నుండవచ్చును. అవి నేటివి కావు.

రెండవది, ఒక పనిని చేతబట్టినపుడు దానిని ముగించువరకో, లేదా ముందే ఏర్పరచుకొనిన వేళ వరకో వేరొకదానిని ముట్టరాదు. నడుమ తప్పనిసరిగా లేవవలసివచ్చినచో, ఎచట విడిచెనో ఒక్క వాక్యము వ్రాసి లేవవలెను.

మూడవది, మనస్సు దేనిని ప్రతిదినము రేపటికి నెట్టుచున్నదో గమనించి, దానిని ఉదయపు మొదటి గంటలో చేయవలెను. సామాన్యముగా దాని వెనుక భయమో, తెలియనితనమో దాగియుండును. తెలియనిచో తెలిసినవారిని అడుగుటయే ఆ పనిలో మొదటి మెట్టు.

నాలుగవది, సాయంకాలమున పదినిమిషములు అప్పగింతకు కేటాయింపవలెను. ముగిసినది, మిగిలినది, అనుమానమున్నది అను మూడు శీర్షికల క్రింద ఉన్నదున్నట్లు వ్రాసి, బల్ల సర్ది, లేవవలెను. వ్రాసినదానిని రాత్రి మరల మనస్సులో వ్రాయరాదు.

ఐదవది, నిద్రకు ముందు, వ్రాసినదానిని వ్రాయనిదానిని ఈశ్వరునకు అప్పగింపవలెను. కర్మఫల సమర్పణము అనునది ఇదియే. పని తనదైనంత కాలము పూర్తి శ్రద్ధతో చేసి, వేళ వచ్చినపుడు సత్యముగా అప్పగించినవానికే ఈ సమర్పణము చేయు అధికారము కలదు. చేయవలసినది చేయక దేవునిపై భారము వేయుట సమర్పణము కాదు. అది తప్పుడు లాగ్‌బుక్కు.

ఈ నియమములను పాటించుచు సాధకుడు మననము చేయదగిన ప్రశ్నలు మూడు. నేడు నా తరువాత వచ్చువారికి ఏమి దాచితిని? ఇంకను పండని ఫలమునకై దేనిని తొందరపెట్టితిని? నా పనివేళ సాగుటకై ఎవరి విశ్రాంతిని అపహరించితిని?

సువర్ణరేఖా తీరమున ఆ కొలుములు నేటికిని మండుచున్నవి. ఈ రాత్రి 10 గంటలకు ఒక జట్టు వెడలును, మరియొక జట్టు వచ్చును. వెడలువాడు చేతొడుగులు విప్పి, వ్రాయవలసినది వ్రాసి, చెప్పవలసినది చెప్పి, ద్వారము దాటి ఇంటికి నడచును. వెనుక కొలిమి ఎఱ్ఱగా వెలుగుచునే యుండును. తన వేళలో లోపము చేయలేదు గనుక, అతడు దానిని తిరిగి చూడవలసిన పనిలేదు.